కవలల్లో పాపను అమ్మమ్మగారింటికి పంపేయమంటున్నారు, పంపాలా?

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అత్తవారిల్లు గుణుపురం, పుట్టిల్లు పాతపట్నం, ఆయన ఉద్యోగం భువనేశ్వర్‌లో. 33 వారాలకే కవలలు పుట్టారు, పాప 1.7 కిలోలు, బాబు 1.9. ఎస్‌ఎన్‌సీయూలో, అంటే ఆసుపత్రిలో పసిపిల్లల ప్రత్యేక వార్డులో, కొన్నాళ్ళు ఉంచి ఇంటికి పంపారు, ఇవాళ్టికి పుట్టి 24 రోజులు. ఇంటినిండా మనుషులున్నా నీకు కంటిమీద కునుకు లేదు, పాలు చాలడం లేదేమోనని భయం, ఇప్పుడు మీ అత్తగారేమో "ఇద్దరినీ నువ్వొక్కదానివే ఎలా చూసుకుంటావు, పాపను మీ అమ్మగారింటికి పంపేద్దాం, ఆరు నెలలయ్యాక తెచ్చుకుందాం" అంటున్నారు. పంపాలా వద్దా అన్నది నువ్వడిగింది.

వద్దు తల్లీ. సాయం చేసే మనుషులే పిల్లల దగ్గరికి రావాలి గానీ, రెండు కిలోలు కూడా లేని పిల్ల మనుషుల దగ్గరికి వెళ్ళకూడదు. పాపను పాతపట్నం పంపే బదులు మీ అమ్మగారినే గుణుపురం రప్పించండి. ఇది ఎలా చెయ్యాలో, ఎందుకు చెయ్యాలో వివరంగా చెబుతాను. అయితే దానికంటే ముందు ఒక తొందర పని ఉంది, నీ ప్రశ్నలో ఆ మాటే లేదు కాబట్టి నాకు టెన్షన్‌గా ఉంది.

పిల్లలిద్దరికీ కంటి పరీక్ష అయిందా? ఆసుపత్రి కాగితాల్లో "ఆర్‌ఓపీ" అని ఎక్కడైనా రాసి ఉందేమో చూడు, నెలలు నిండని పిల్లలకి వచ్చే రెటీనా జబ్బు అది. 34 వారాల లోపు పుట్టినవాళ్ళకీ, 2 కిలోల లోపు బరువుతో పుట్టినవాళ్ళకీ కంటి వెనక రెటీనా చూపించాలి, అది కూడా పుట్టిన 30 రోజుల లోపల. మీ ఇద్దరు పిల్లలూ రెండు లెక్కల్లోనూ వస్తారు. రెటీనాకి రక్తనాళాలు నెలలు నిండితేగానీ పూర్తిగా అల్లుకోవు, ముందే పుట్టిన పిల్లల్లో, అందులోనూ ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో, అవి అడ్డదిడ్డంగా పెరిగి రెటీనాను లాగేసే ప్రమాదం ఉంది. బయటికి కళ్ళు చక్కగానే కనిపిస్తాయి, ఇంట్లో ఎవ్వరూ కనిపెట్టలేరు. సమయానికి పట్టుకుంటే లేజర్‌తో చూపు నిలబెడతారు, దాటిపోతే చూపే పోవచ్చు. నీకు మిగిలింది ఆరు రోజులు. డిశ్చార్జి చేసిన డాక్టరుకి ఇవాళే ఫోన్ చేసి ఎక్కడ చూస్తారో అడుగు, విశాఖలో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఈ పరీక్ష చేస్తారు. ఒక్కసారి చూసి అయిపోదు, రక్తనాళాలు పూర్తిగా పెరిగేదాకా వారానికో రెండు వారాలకో మళ్ళీ రమ్మంటారు, అన్నిసార్లూ వెళ్ళాల్సిందే. వెళ్ళేటప్పుడు ఒకరిని నువ్వు, ఒకరిని మీ అమ్మగారో మీ ఆయనో ఛాతీకి ఆనించి కట్టుకుని వెళ్ళండి, చలి తగలదు.

నేను గజపతి జిల్లాలో ఏఎన్ఎంగా, అంటే పల్లెల్లో తిరిగే ఆరోగ్య నర్సుగా, చేసి రిటైరయ్యాను, కాశీనగర్ వైపు పల్లెలన్నీ తిరిగినదాన్ని. నాకూ కవలలే, ఇద్దరూ మగపిల్లలు, ఇప్పుడు పెద్దవాళ్ళయిపోయారు. ఉమ్మడి కుటుంబంలోనే పెంచాను. కాబట్టి ఆసుపత్రి పుస్తకంలో మాటలూ చెబుతాను, అత్తగారింటి వంటింట్లో మాటలూ చెబుతాను.

పాపను పంపితే మొదట దెబ్బ తినేది పాలు. తల్లి దగ్గర పాలు ఎంత తీస్తే అంత ఊరతాయి, తియ్యకపోతే తగ్గిపోతాయి. ఇద్దరు తాగుతుంటే శరీరం ఇద్దరికి సరిపడా తయారుచేస్తుంది, చాలామంది నమ్మరు గానీ ఇది నిజం. ఒకరు వెళ్ళిపోతే వారం తిరిగేసరికి ఒక్కరికి సరిపడానే వస్తాయి, తర్వాత నువ్వు కావాలనుకున్నా రెండో బిడ్డకి మళ్ళీ తెచ్చుకోవడం చాలా కష్టం. అక్కడ పాపకి డబ్బా పాలే గతి. ఆ డబ్బా త్వరగా అయిపోతోందని ఎవరో ఒకరు నీళ్ళు ఎక్కువ కలుపుతారు, లేదంటే "మా ఆవు పాలు ఎంత చక్కవి" అంటూ ఆవుపాలో మేకపాలో పట్టిస్తారు. ఏడాది లోపు పిల్లలకి ఆవుపాలు పడవు, రక్తం తగ్గుతుంది. నెలలు నిండని పిల్లల పేగులు మరీ సున్నితం, వాళ్ళకి తల్లిపాలు ఆహారం మాత్రమే కాదు, మందు కూడా.

రెండోది, ఆరు నెలలని పంపిన పిల్ల ఆరు నెలలకి రాదమ్మా. అన్నప్రాశన అయ్యాక అంటారు, నడక వచ్చాక అంటారు, ఈలోగా అమ్మమ్మకి ఆ పిల్ల ప్రాణమైపోతుంది. నా డ్యూటీ ఊళ్ళలో ఇలా విడిపోయిన కవలలను చూశాను. రెండేళ్ళు దాటాక ఇంటికి తెస్తే ఆ పిల్ల కన్నతల్లిని కొత్తమనిషిలా చూసి ఏడుస్తుంది, అటు అమ్మమ్మా ఏడుస్తుంది, ఇక్కడే పెరిగినవాడేమో ఆ పిల్లను దగ్గరికి రానివ్వడు. ఎవరి తప్పూ లేకుండానే అందరికీ కష్టం.

మూడోది చెప్పడానికి కాస్త ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. పంపుదామన్నది పాపను, ఉంచుకుందామన్నది బాబును. మీ అత్తగారి మనసులో తేడా ఉందని నేననడం లేదు, ఆవిడ నీ అవస్థ చూడలేకే అని ఉండొచ్చు. కానీ ఆడ, మగ కవలలున్న ఇళ్ళలో నేను చాలాసార్లు గమనించాను, ముందు ఏడ్చింది ఎవరైనా ముందు పాలు పట్టేది బాబుకే, జ్వరమొస్తే ముందు ఆసుపత్రికి వెళ్ళేది బాబే, తూకం వేస్తే పాప ప్రతిసారీ వెనకబడి ఉండేది. మీ ఇంట్లో బరువు తక్కువ ఉన్నది పాపే, అంటే ఎక్కువ పాలు, ఎక్కువ వెచ్చదనం, ఎక్కువ కాపలా కావాల్సింది పాపకే. ఇద్దరిలో ఒకరు తల్లి కొంగు పట్టుకునే ఉండాలంటే అది పాపే.

సరే, ఇప్పుడు సాయం సంగతి. ఇంట్లో అత్తగారు, మామగారు, తోడికోడలు, ఆడపడుచు ఉన్నారన్నావు, అందరూ సాయం చేస్తున్నారనీ రాశావు, మరి నీకు నిద్ర ఎందుకు లేదు? అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్ళెవరు అన్నట్టు, వచ్చినవాళ్ళందరూ పిల్లల్ని ఎత్తుకుంటున్నారు, పిల్లలు ఏడవగానే తెచ్చి నీ ఒళ్ళో పెడుతున్నారు. ఇది పగటి సాయం. కవలల తల్లికి కావాల్సింది రాత్రి సాయం, వంటింటి సాయం, గుడ్డలుతికే సాయం. బాలింతగా నీ పనులు మూడే: పాలివ్వడం, తినడం, పడుకోవడం. మిగతా ఏ పని నీ చేతిలో కనిపించినా దాన్ని ఇంకొకరు తీసుకోవాలి.

రాత్రిని రెండుగా విడగొట్టండి. తొమ్మిదిన్నర ప్రాంతంలో ఇద్దరికీ పాలిచ్చేసి, ఒక పూటకి సరిపడా పాలు పిండి గిన్నెలో మూతపెట్టి, నువ్వు వేరే గదిలో తలుపు దగ్గరగా వేసుకుని పడుకో. అప్పట్నించి రెండింటిదాకా పిల్లలు మీ అమ్మగారివి. మధ్యలో పాలపూటకి పిండిన పాలు ఉగ్గుగిన్నెతో ఆవిడే పడతారు. రెండింటికి నిన్ను లేపుతారు, అక్కడినించి తెల్లారేదాకా నువ్వు, పక్కన మీ అత్తగారో ఆడపడుచో ఉంటారు. పాలివ్వడం నీ పని, ఆ తర్వాత తేన్పు తెప్పించి, గుడ్డ మార్చి, పడుకోబెట్టడం పక్కనున్నవాళ్ళ పని. నాలుగు గంటలు ఏకబిగిన పడుకున్న తల్లికీ, అరగంట అరగంటగా ఎనిమిదిసార్లు పడుకున్న తల్లికీ చాలా తేడా ఉంటుంది, లెక్కకి రెండూ నాలుగు గంటలే అయినా సరే. నాలుగైదు గంటల ఎడం రోజుకి ఒక్కసారైతే పాలకేమీ నష్టం లేదు, కానీ రెండోసారి వద్దు.

మా ఇంట్లో ఈ పద్ధతి పెట్టింది మా అత్తగారే. చదువు లేని మనిషి, కానీ లెక్క గట్టిది. మొదటి వారంలో నేను కూర్చునే కునికిపాట్లు పడుతుంటే చూసి, మా తోడికోడలిని పిలిచి "పగలు నువ్వు పిల్లల జోలికి రాకు, పొయ్యి చూసుకో, రాత్రి నేను చూస్తాను, పగలు నన్నెవరూ లేపకండి" అని తీర్పు చెప్పేశారు. రాత్రంతా మెలకువగా ఉన్న మనిషి పగలు పడుకోవాలన్నది అక్కడ ముఖ్యం. మీ అమ్మగారు రాత్రి చూసి మళ్ళీ పొద్దున్నే లేచి అంట్లు తోమితే పది రోజుల్లో ఆవిడా మంచం పడతారు. వియ్యపురాలింట్లో పగలు పడుకోవడానికి ఆవిడ మొహమాటపడతారు, అందుకే ఆ మాట మీ అత్తగారి నోటి నుంచే రావాలి, "వదినగారూ, మీరు మధ్యాహ్నం దాకా పడుకోండి" అని.

ఇంకొక పని, గోడకి మేకు కొట్టి ఒక పాత నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను వేలాడదీయండి. ఎడమ పేజీ పాపది, కుడి పేజీ బాబుది. ఎన్నింటికి పాలు, నీ దగ్గర తాగిందా గిన్నెతోనా, ఒంటికి ఎన్నిసార్లు పోసింది, దొడ్డికి వెళ్ళిందా, చుక్కలు వేశారా, ఎవరు వేశారు. ఇద్దరు పిల్లలు, ఐదుగురు పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో నోటిమాట నిలవదు. అందరికంటే భయం మందు చుక్కలతో. మీ డాక్టరు విటమిన్ డి, ఐరన్ చుక్కలు రాసి ఉంటారు, ఐరన్ లెక్క బరువును బట్టి, ఇద్దరికీ ఒకేలా ఉండకపోవచ్చు. అత్తగారు వేశారని తెలియక ఆడపడుచు మళ్ళీ వేస్తుంది, రెండో బిడ్డకి అసలు పడవు. పాప సీసాకి ఎర్రదారం, బాబు సీసాకి నల్లదారం చుట్టు, వేసిన వెంటనే పుస్తకంలో టిక్కు, చుక్కలు వేసే మనిషి ఒక్కరే. మీ మామగారికి ఒడియా అక్షరాలే వచ్చంటే ఒడియాలోనే రాయనీ, టిక్కుకి భాష అక్కర్లేదు.

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి తెలియదు, ఆ పుస్తకాన్ని బట్టే తెలుస్తుంది. ఒక్కొక్కరు రోజుకి ఆరుసార్లో అంతకంటే ఎక్కువో మూత్రం పోస్తూ, రోజుకి సగటున 20 నుంచి 30 గ్రాములు పెరుగుతుంటే పాలు చాలినట్టే. రోజూ తూచొద్దు, వారానికొకసారి ఒకే తూకం మీద, బట్టల్లేకుండా చాలు.

33 వారాల పిల్లలు ఆకలేసినా గట్టిగా ఏడవరు, పడుకునే ఉంటారు, రొమ్ము పట్టుకుని రెండు గుటకలు వేసి అలసిపోయి నిద్రపోతారు. "నిద్రపోయే బిడ్డను లేపకూడదు" అని పెద్దవాళ్ళు అంటారు చూడు, ఆ మాట నెలలు నిండిన పిల్లలకి. వీళ్ళని రెండు గంటలకోసారి, మహా అయితే రెండున్నర గంటలకి లేపాల్సిందే, అరికాలు నిమిరో, గుడ్డ విప్పో. ఒకరు లేస్తే రెండోవారిని కూడా అప్పుడే లేపు. ఇద్దరి వేళలూ కలిస్తేనే నీకు మధ్యలో ఖాళీ దొరుకుతుంది, లేదంటే రోజంతా ఒకరి తర్వాత ఒకరు. ముందు రొమ్ము ఇవ్వు, అలసిపోయాక మిగతాది పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టండి. సీసా, పీక జోలికి వెళ్ళొద్దు, దాన్ని కడగడం కష్టం, సీసాకి అలవాటు పడితే రొమ్ము పట్టరు. మన అమ్మమ్మల కాలం నాటి ఉగ్గుగిన్నెనే ఇప్పుడు పెద్దాసుపత్రుల్లో కూడా వాడుతున్నారు. బిడ్డను ఒళ్ళో కాస్త నిటారుగా కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గిన్నె మూతిని కింది పెదవి మూలకి ఆనించి చుక్క చుక్కగా వంచాలి, మింగాక ఇంకో చుక్క. పడుకోబెట్టి నోట్లో పోసేస్తే పొలమారుతుంది. మీ అమ్మగారు రాత్రిపూట పట్టేముందు ఒకసారి మీ ఏఎన్ఎం ముందు పట్టి చూపించాలి.

పిండిన పాలు మామూలు గదిలో నాలుగు గంటలు దాటకూడదు, ఎండాకాలంలో ఇంకా ముందే వాడేయాలి. ఫ్రిజ్‌లో అయితే 24 గంటల లోపు, డోర్‌లో కాదు, లోపల అరలో. వెచ్చబెట్టాలంటే గిన్నెను వేడినీళ్ళలో పెట్టండి, పొయ్యి మీద పెట్టొద్దు.

కొంత అలవాటయ్యాక ఇద్దరికీ ఒకేసారి ఇవ్వొచ్చు. నడుముకి రెండు పక్కలా దిళ్ళు పెట్టుకుని, ఒక్కొక్కరి తల నీ అరచేతిలో, ఒళ్ళు నీ చంక కింద, కాళ్ళు వెనక్కి ఉండేలా. మొదట్లో ఒకరు పక్కనుండి అందించాలి. పాప ఒకే పక్క, బాబు ఒకే పక్క అని పెట్టకు, పూటపూటకీ మార్చు. బాబు గట్టిగా తాగుతాడు కాబట్టి అతను తాగిన పక్క పాలు బాగా ఊరతాయి, తర్వాతి పూట ఆ పక్క పాపకి అందుతుంది.

ఇంటినిండా మనుషులు ఉండటం నిజంగా అదృష్టమయ్యేది కంగారూ కేర్‌లో. ఎస్‌ఎన్‌సీయూలో నీకు చూపించే ఉంటారు, బిడ్డకి టోపీ, సాక్సులు, కింద గుడ్డ మాత్రమే ఉంచి, నీ ఛాతీ మధ్యలో ఒంటికి ఒళ్ళు ఆనేలా నిటారుగా, తల ఒక పక్కకి తిప్పి, గుడ్డతో కట్టడం. 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెట్టాల్సిన పరిస్థితిలో మొదలైంది ఇది. ఇప్పుడు రోజుకి 8 గంటలకి తగ్గకుండా, వీలైతే 24 గంటల దాకా చెయ్యమని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. ఒక్క తల్లి ఇద్దరికి అన్ని గంటలు ఎక్కడ చెయ్యగలదు? కానీ ఇది తల్లే చెయ్యాలని లేదు. అమ్మమ్మ, మామ్మ, పెద్దమ్మ, నాన్న, ఎవరైనా చెయ్యొచ్చు, స్నానం చేసి ఉండాలి, జలుబు, దగ్గు, చర్మం మీద గజ్జి ఉండకూడదు, బీడీ, సిగరెట్, గుట్కా అలవాటు ఉన్నవాళ్ళు వద్దు. పిల్లల్ని ఎత్తుకోవాలని తహతహలాడే వాళ్ళందరికీ ఈ పని ఇవ్వు. "ఎత్తుకోవద్దు" అని చెబితే మనసు కష్టపెట్టుకుంటారు, "గంటసేపు గుండెకి కట్టుకుని కూర్చోండి పిన్నీ" అంటే సంతోషంగా కూర్చుంటారు. గుణుపురం, రాయగడ వైపు చలికాలం రాత్రుళ్ళు ఎలా ఉంటాయో నీకు తెలుసు. బిడ్డ పొట్టా, అరికాలూ చేత్తో తాకి చూస్తుండు, పొట్ట వెచ్చగా ఉండి అరికాళ్ళు చల్లబడితే చలి పట్టడం మొదలైనట్టు, వెంటనే ఛాతీకి కట్టుకోండి. తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టొద్దు, ఆ గాలి తల్లీబిడ్డల్ని నిద్రలోనే చంపేస్తుంది. సాంబ్రాణి పొగ కూడా వీళ్ళ ఊపిరితిత్తులకి పడదు.

స్నానాల గురించి అత్తగారితో గొడవ పడకు, ఒకే మాట చెప్పు: రెండున్నర కిలోలు వచ్చేదాకా గోరువెచ్చని నీళ్ళలో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవడమే, తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు పోయండి. కొబ్బరినూనె నెమ్మదిగా రాయనివ్వు, అది మంచిదే. చెవుల్లో, ముక్కులో నూనె, కళ్ళకి కాటుక, తేనె, వస, ఆముదం, గ్రైప్ వాటర్, ఇవేవీ వద్దు. తేనెతో ఏడాది లోపు పిల్లలకి నరాలు పడిపోయే జబ్బు రావొచ్చు. ఆరు నెలలదాకా మంచినీళ్ళు కూడా అక్కర్లేదు, ఎంత ఎండ కాసినా. పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా, చదునైన పరుపు మీద, ఆవాల దిండు లేకుండా. చీర ఉయ్యాలలో ఇంత చిన్న పిల్లలకి మెడ ముందుకి వంగి ఊపిరి అడ్డుపడుతుంది, కొన్ని నెలలు ఆగండి.

నీ తిండి గురించి ఒక్క అక్షరం రాయలేదు నువ్వు, అది చూసే పథ్యం పెట్టారని అర్థమైంది. ఒక బిడ్డకి పాలిచ్చే తల్లికే రోజుకి 600 కేలరీలు అదనంగా కావాలని ఐసీఎంఆర్ లెక్క, నీకు ఇద్దరు. కారం పొడి, వెల్లుల్లి వేసుకుని రెండు ముద్దలు తిని, నీళ్ళు తాగకుండా కూర్చుంటే పాలు ఎక్కడినుంచి వస్తాయి? బాలింతలకి పెట్టే కాయం తిను, తప్పులేదు, దాంతోపాటు గుడ్డు, పప్పు, మునగాకు, చిన్న చేపలు, చోడి అంబలి, పెరుగు తిను. మీ ఇంట్లో దాల్మా చేస్తారు కదా, పప్పు, కూరగాయలు అన్నీ అందులోనే ఉంటాయి, పెద్ద గిన్నెడు తిను. పాలిచ్చే తల్లికి అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా నీ వాటా నువ్వే తినాలి, ఇంట్లో అందరికీ పంచే పిండి కాదది. పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు నీళ్ళు ఉండాలి, అది పెట్టే బాధ్యత మీ మామగారికి ఇవ్వొచ్చు.

ఏకోయిశియా, అదే ఒడియావాళ్ళు 21వ రోజున చేసే బారసాల, ఆసుపత్రి హడావుడిలో తప్పిపోయింది కాబట్టి వచ్చేవారం ఘనంగా చేద్దామంటున్నారని రాశావు. ఇంట్లోవాళ్ళతో పేరు పెట్టుకోండి చాలు. పర్లాకిమిడి, టెక్కలి, బరంపురం నించి వంద మంది వచ్చి, బుగ్గలు ముద్దాడి, ఒకరి చేతిలోంచి ఒకరికి మార్చుకుంటే అందులో ఒక్కరి జలుబు చాలు, మళ్ళీ ఎస్‌ఎన్‌సీయూకే. మొదటి పుట్టినరోజు నాడు ఊరంతటినీ పిలవండి.

మన సరిహద్దు వాళ్ళకి ఇంకొక చిక్కుంది. పుట్టిల్లు ఆంధ్రాలో, మెట్టినిల్లు ఒడిశాలో ఉన్న బాలింతను "అటు వెళ్ళిపోయింది" అని ఇక్కడి ఆశా, "ఇటు వచ్చేసింది" అని అక్కడి ఆశా అనుకుంటారు, చివరికి ఎవరూ రారు. ఆసుపత్రిలో పుట్టిన పిల్లల ఇంటికి ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజులకి రావాలి, ఎస్‌ఎన్‌సీయూ నించి వచ్చినవాళ్ళకి డిశ్చార్జి అయిన రోజునుంచి తిరుగుతారు. మీ వీధి ఆశాకి నువ్వే కబురు పెట్టి పిల్లలిద్దరి కార్డులూ చూపించు. ఆ కార్డులోనే చూడు, ఆసుపత్రిలో పడాల్సిన బీసీజీ, పోలియో, హెపటైటిస్ బి పడ్డాయో లేదో, ఎస్‌ఎన్‌సీయూ పిల్లలకి ఇవి తప్పిపోతుంటాయి. ఆరు వారాల టీకా పుట్టిన తేదీ లెక్కనే వేయించాలి, "నెలలు తక్కువ కదా, తర్వాత చూద్దాం" అనొద్దు. పుట్టిన సర్టిఫికెట్ కాన్పు జరిగిన ఊళ్ళోనే ఇస్తారు, నువ్వుండే ఊళ్ళో కాదు, ఇద్దరికీ వేరువేరుగా తీసుకోవాలి. 21 రోజులు దాటిపోయాయి కాబట్టి ఆసుపత్రివాళ్ళు నమోదుకి పంపారో లేదో మీ ఆయన్ని కనుక్కోమను.

ఎదుగుదల మాత్రం పుట్టిన తేదీతో లెక్కపెట్టకు. వీళ్ళు ఏడు వారాలు ముందొచ్చారు, బోర్లాపడటం, కూర్చోవడం అన్నింటికీ ఆ ఏడు వారాలు తీసేసి చూడాలి, రెండేళ్ళదాకా. ఎదురింటి గుంటడు రెండు నెలలకే నవ్వాడని ఎవరైనా అంటే పట్టించుకోకు.

ఆలస్యం చెయ్యకూడనివి: బిడ్డ పాలు తాగడం మానేయడం, ఒళ్ళు జావగారినట్టు అయిపోవడం, బిడ్డ కదలకుండా ఉన్నప్పుడు లెక్కపెడితే నిమిషానికి 60 ఊపిర్లు లేదా అంతకంటే ఎక్కువ ఉండటం, ఊపిరి తీస్తే డొక్కలు లోపలికి పోవడం, ఫిట్స్, అరచేతులు అరికాళ్ళు పసుపెక్కడం, ఒళ్ళు కాలడం లేదా ఎంతసేపు కట్టుకున్నా చల్లగానే ఉండటం. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చెయ్యాలి, దిష్టి తీయడం తిరిగొచ్చాక. ప్రభుత్వాసుపత్రిలో పసిబిడ్డలకి వైద్యం, అంబులెన్సు ఉచితమే. ఒకరికి వస్తే రెండోవారిని కూడా డాక్టరుకి చూపించాలి.

నీ గురించి ఒక మాట. "ఒక్కోసారి ఇద్దరి ఏడుపూ వింటూ గోడ చూస్తూ కూర్చుండిపోతున్నాను" అని రాశావు. నిద్రలేమి వల్ల కావొచ్చు, కానీ కవలల తల్లుల్లో కాన్పు తర్వాత దిగులు ఎక్కువ కనిపిస్తుంది, అది గాలీ ధూళీ కాదు, మందున్న జబ్బు. నాలుగు గంటల నిద్ర దొరికాక కూడా రెండు వారాలకి తగ్గకపోతే, లేదా నిన్ను నువ్వో పిల్లల్నో ఏమైనా చేసుకోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, వెంటనే మీ అమ్మగారికి చెప్పు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి. తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

మీ ఆయన శనివారం వచ్చి ఆదివారం వెళ్తారన్నావు. వచ్చిన రాత్రి తొమ్మిదిన్నర నించి రెండింటి దాకా డ్యూటీ ఆయనదే, మీ అమ్మగారికి ఆ రాత్రి సెలవు. ఉగ్గుగిన్నె పట్టడం మగవాళ్ళకి రాదని అనుకోకు, మా ఆయన నాకంటే ఓపికగా పట్టేవారు. అత్తగారికి చెప్పాల్సిన మాట కూడా ఆయనే చెప్పాలి, నువ్వు కాదు, ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని. "అమ్మా, పాపను పంపితే పాలు ఎండిపోతాయని నర్సమ్మ చెప్పింది, అత్తగారే ఇక్కడికి వస్తారు, మూడు నెలలు ఉంటారు, రాత్రి ఆవిడ, తెల్లవారుజామున నువ్వు" అని. వియ్యపురాలు అన్నాళ్ళు ఉంటే నలుగురూ ఏమనుకుంటారోనని మీ అత్తగారికి అనిపిస్తే, వెనకటికి బాలింతే మూడో నెలదాకా పుట్టింట్లో ఉండేది కదా, ఇప్పుడు పుట్టిల్లే ఇక్కడికి వస్తోందని చెప్పమను. పాతపట్నంలో మీ నాన్నగారికి వంట ఎలా అన్నది ముందే తేల్చుకోండి, చాలా ఇళ్ళలో అమ్మమ్మ పది రోజులకే బ్యాగు సర్దుకునేది ఆ ఒక్క కారణంతోనే. మీ వదిన చూసుకోగలిగితే సరే, లేదంటే ఆయన్నీ రమ్మనండి. పగలు మనవడినో మనవరాలినో గుండెకి కట్టుకుని కూర్చోవడానికి ఆయన చేతులూ పనికొస్తాయి.

ముందు కంటి పరీక్ష. అది అయ్యాక డాక్టరు ఏమన్నారో, ఇద్దరి కొత్త బరువులు ఎంతో, పుస్తకంలో రెండు రోజుల పాల లెక్కతో సహా ఇక్కడే రాయి. పాప రోజుకి 20 గ్రాముల కంటే తక్కువ పెరుగుతుంటే, పాలలో ఏమైనా కలిపి పట్టాలా అన్నదాని గురించి మీ పిల్లల డాక్టరుని ఏమేం అడగాలో అప్పుడు చెబుతాను.